కొండ మీది గూడేల్లో తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ రాకుండా చూడటం సాధ్యమేనా?

మీరు అడిగినదాన్ని నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్పి మొదలుపెడతాను. అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒక సబ్ సెంటర్‌లో మీరు కొత్తగా ఎంఎల్‌హెచ్‌పీగా, అంటే మధ్యస్థాయి వైద్య సేవలు అందించే ఉద్యోగిగా చేరారు. మీ పరిధిలో 17 గూడేలు. ఆరింటికి రోడ్డు లేదు, నాలుగింట్లో ఫోను సిగ్నల్ అందదు. ఇప్పటికి 38 మంది గర్భిణులు నమోదయ్యారు. అందరికీ హెచ్‌ఐవీ పరీక్ష చేయాలన్నారు. "పరీక్ష ఎలాగో చేస్తాను. ఎవరికైనా ఉందని తేలితే ఆ కొండ మీద నేనొక్కదాన్ని ఏం చేయగలను? కిందికి రమ్మంటే వాళ్లు వస్తారా?" అన్నది మీ ప్రశ్న.

చేయగలరు, వాళ్లూ వస్తారు. పరీక్షను మీరు కొండ ఎక్కించండి. తల్లిని మూడంటే మూడుసార్లు కిందికి తీసుకురండి: నిర్ధారణ చేసి మందు మొదలుపెట్టడానికి ఒకసారి, ఎనిమిదో నెలలో వైరస్ లెక్క చూడటానికి ఒకసారి, కాన్పుకు ఒకసారి. మిగిలినవన్నీ, అంటే మాత్రలు, బిడ్డ సిరప్, బిడ్డ రక్తపు చుక్కలు, మన సంచుల్లో ఎక్కి దిగాలి. ఆమె పేరు మీ పుస్తకంలో కాన్పు రోజున ముగియకూడదు. బిడ్డకు 18 నెలలు నిండి ఆఖరి పరీక్ష అయ్యాకే ఆ వరుస కొట్టేయాలి. నేను చెప్పేదంతా ఈ రెండు మాటల చుట్టే తిరుగుతుంది.

నేను పందొమ్మిదేళ్లు హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రాల్లో కౌన్సెలర్‌గా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం ఉమ్మడి విశాఖ జిల్లా ఏజెన్సీలోనే గడిచింది. మీరు రాసినలాంటి గూడేలకు నడిచాను.

ముందు లెక్క చెబుతాను, ఎందుకంటే మీకు కొన్నాళ్లకు అలసట వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ నూటికి 0.67 మందికి ఉందని 2021 అంచనాలు చెప్పాయి. మిజోరం, నాగాలాండ్, మణిపుర్ తర్వాత దేశంలో ఎక్కువ మనకే. అయినా మీ 38 మందిలో ఒక్కరికీ ఉండకపోవచ్చు. ఏడాది, రెండేళ్లు ఏ కిట్టు మీద చూసినా ఒకే గీత, అంటే 'లేదు' అన్న ఫలితమే కనిపించవచ్చు. అప్పుడే చేయి సడలుతుంది. దూరపు గూడెంలో ఉన్న ఇద్దరికి వచ్చే నెల చేద్దాంలే అనిపిస్తుంది. నేను చూసినంతలో ఆ దూరపు ఇద్దరి దగ్గరే సమస్య ఎదురైంది. ఎందుకంటే రోడ్డుకు దూరంగా ఉన్న ఇళ్ల మగవాళ్లే ఇటుక బట్టీలకూ భవన నిర్మాణ పనులకూ నెలల తరబడి బయటికి పోతారు.

ఏ చికిత్సా లేకుండా వదిలేస్తే, హెచ్‌ఐవీ ఉన్న తల్లులకు పుట్టే బిడ్డల్లో నూటికి 15 నుంచి 45 మందికి అది సోకుతుంది. కొందరికి కడుపులో, ఎక్కువమందికి కాన్పు వేళ, మరికొందరికి పాల ద్వారా. తల్లి మందు వాడి, బిడ్డకు సిరప్ పడితే ఇది అయిదులోపుకు వస్తుంది. నెలలు నిండేలోగా తల్లి ఒంట్లో వైరస్ లెక్కకు అందనంత తగ్గిపోతే కాన్పులో సోకే పిల్లలు నూటికి ఒకరు కూడా ఉండరు. తల్లి నుంచి బిడ్డకు సోకడాన్ని దాదాపుగా ఆపేసిన దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో థాయ్‌లాండ్‌ను, 2019లో శ్రీలంకను గుర్తించింది. వాళ్లకూ కొండలున్నాయి, వాగులున్నాయి.

ఇప్పుడు ఒక పాత సంగతి. మా తొలి రోజుల్లో చేతిలో ఉన్నది నెవిరపిన్ ఒక్కటే. నొప్పులు మొదలవగానే తల్లికి 200 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, పుట్టిన 72 గంటల్లోగా బిడ్డకు కిలో బరువుకు 2 మిల్లీగ్రాముల చొప్పున సిరప్ ఒకసారి. అంతే. ఒక వానాకాలం, గెడ్డ (కొండవాగు) అవతలి గూడెంలో ఒక తల్లికి ఏడో నెలలోనే మాత్ర ఇచ్చి వచ్చాం. బిడ్డ సిరప్ మాత్రం మా దగ్గరే ఉంచుకున్నాం, కాన్పు కబురు రాగానే తెస్తామని. కాన్పయిన రోజే గెడ్డ పొంగింది. మేము చేరేసరికి నాలుగో రోజు. ఆమె చీర కొంగు ముడి విప్పి ఖాళీ రేకు చూపించింది. మాత్ర వేళకు వేసుకుంది. "బిడ్డ మందు తెచ్చారా అమ్మా" అని అడిగింది. సంచిలో ఉంది, కానీ వేళ దాటిపోయింది. ఆ బిడ్డకు సోకినట్టు 18 నెలలకు తేలింది. ఆ తల్లి తాను చేయాల్సింది చేసింది. చేయనిది మేము. అప్పటి నుంచి నేను ఏ మందునూ "కబురు వస్తే తీసుకెళ్దాం" అని కింద ఉంచలేదు.

ఇవాళ మీ చేతిలో అంతకంటే ఎంతో ఉంది. 2014 జనవరి 1 నుంచి మన దేశంలో హెచ్‌ఐవీ ఉన్న ప్రతి గర్భిణికీ, పాలిచ్చే ప్రతి తల్లికీ రక్తకణాల లెక్క ఎంతున్నా జీవితాంతం మూడు మందుల చికిత్స ఇస్తున్నారు. ఇప్పుడు ఆ మూడూ కలిపి రోజుకు ఒకే మాత్ర: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. నెవిరపిన్ ఒక్క పూట కాపలా కాసేది. ఇది తల్లి ప్రాణాన్నీ కాపాడుతుంది.

పరీక్ష గురించి. హెచ్‌ఐవీ పరీక్షకని విడిగా ఒక రోజు పెట్టకండి. గ్రామ ఆరోగ్య పోషకాహార దినం నాడు బరువు, రక్తపోటు, హిమోగ్లోబిన్‌తో కలిపి చేయండి. వేలికి ఒక్క పోటుతోనే అన్ని చుక్కలూ తీసుకోండి. రెండోసారి గుచ్చితే "ఇది దేనికి" అన్న ప్రశ్న పుడుతుంది. హెచ్‌ఐవీ, సిఫిలిస్ రెండూ ఒకే పట్టీ మీద తేలే కిట్లు మీకు వస్తుంటే అవే వాడండి. సిఫిలిస్ పట్టుబడితే పెన్సిలిన్‌తో నయమవుతుంది, బిడ్డ దక్కుతుంది.

కిట్టు డబ్బా మీద రాసిన ఉష్ణోగ్రత చదవండి. ఎండాకాలం జీపు వెనక సీట్లో అది పాడవుతుందని అందరికీ తెలుసు. చలికాలం సంగతి ఎవరూ చెప్పరు. లంబసింగి వైపు డిసెంబరు తెల్లవారుజామున నీళ్లు గడ్డకట్టే చలి ఉంటుంది. ఆ చలిలో సంచిలోంచి తీసిన పట్టీ మీద అప్పటికప్పుడు చుక్క వేయకండి. గది వేడికి రానివ్వాలి. ఫలితాన్ని కిట్టు కాగితం మీద రాసిన నిమిషాలకే, గడియారం చూసి చదవాలి. ముందూ వద్దు, మరిచిపోయి గంట తర్వాతా వద్దు.

అనుమతి అడిగే తీరు కూడా చెప్పాలి. 2017 నాటి హెచ్‌ఐవీ ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. పరీక్షకు ఆమె సమ్మతి కావాలి. ఆమె ఒప్పుకోనిదే ఫలితం ఎవరికీ చెప్పకూడదు. తెలుగులో గబగబా చెప్పి తల ఊపించుకుంటే అది సమ్మతి కాదు. మీ గూడేల్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లుంటారు. దుబాసీగా అత్తనో ఆడబిడ్డనో పెట్టుకోకండి. నేను రెండు భాషల్లోనూ ఓ ముప్పై వాక్యాలు బట్టీ పట్టాను. ఉచ్చారణ తప్పితే ఆడవాళ్లు నవ్వి సరిదిద్దేవారు. ఆ నవ్వులోనే సగం భయం పోయేది.

పట్టీ మీద రెండో గీత కనిపించగానే "ఉంది" అని చెప్పకండి. సబ్ సెంటర్‌లో చేసేది వడపోత మాత్రమే. నిర్ధారణ కోసం ఐసీటీసీలో, అంటే కౌన్సెలింగ్‌తో పాటు హెచ్‌ఐవీ పరీక్ష చేసే కేంద్రంలో, మూడు వేర్వేరు కిట్లతో చూస్తారు. ఆమెతో విడిగా "రక్తం ఇంకోసారి పెద్ద కేంద్రంలో చూడాలి, నేను నీతో వస్తాను" అనండి. అప్పుడు మీ ముఖం ఎలా ఉందో ఆమె చూస్తుంది. గూడెం కూడా చూస్తుంది. ఆ రోజు మిగతా అందరితో ఎంతసేపు కూర్చున్నారో ఆమెతోనూ అంతసేపే కూర్చోండి. పెద్ద మాటలు దారిలో మాట్లాడుకోవచ్చు. నాలుగు గంటలు పక్కపక్కన నడుస్తారు కదా, అంతకంటే మంచి కౌన్సెలింగ్ గది ఎక్కడా ఉండదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది రహస్యం. పట్నంలో మాట బయటపడితే ఆమె ఇల్లు మారగలదు. ముప్పై ఇళ్ల గూడెంలో మాట బయటపడితే మందు ఆగిపోతుంది. ఇది ఊహించి చెప్పడం లేదు. ఒక గర్భిణి రెండు నెలలు చక్కగా మాత్రలు వేసుకుంటోంది. మూడో నెల రాలేదు. కొన్ని రోజులు చూసి, ఆమెను వెతుక్కుంటూ ఒక సంస్థ వాళ్లు జీపు వేసుకుని రోడ్డు చివరి వరకు వెళ్లారు. జీపు తలుపు మీద హెచ్‌ఐవీకి గుర్తయిన ఎర్ర రిబ్బను బొమ్మ. అక్కడి నుంచి నడిచి వెళ్లి ఫలానా ఆమె ఇల్లు ఎక్కడని పిల్లల్ని అడిగారు. ఆ సాయంత్రానికి ఆమె పుట్టింటికి వెళ్లిపోయింది. నేను ఆమెను మళ్లీ కలిసేటప్పటికి బిడ్డ పుట్టి ఐదు వారాలు. అది కూడా సంతలో చింతపండు అమ్ముకుంటూ కనిపించింది కాబట్టి. వాళ్లు మంచి ఉద్దేశంతోనే వెళ్లారు. కానీ ఒక్క ఇంటి కోసం కొండ ఎక్కితే ఆ ఇంటికి వేలు చూపినట్టే.

కాబట్టి ఎప్పుడూ ఒక్క ఇంటికి వెళ్లకండి, గూడెం మొత్తానికి వెళ్లండి. టీకాలు, జ్వరం మాత్రలు, చంటిపిల్లల బరువులు, ఇవన్నీ చూస్తూ ఆమె గుమ్మం ముందూ ఆగండి. మాత్రల డబ్బా మీద కాగితం చింపేయకండి, అందులో గడువు తేదీ ఉంటుంది. ఆ డబ్బాను మామూలు ఐరన్ మాత్రల కవరులో పెట్టి ఇవ్వండి. మీ పుస్తకంలో ఆమె వరుసకు ఒక గుర్తు చాలు. ఆశా కార్యకర్త గురించి కూడా నిజం మాట్లాడుకుందాం. ఆమె లేకుండా మీరు ఒక్క గర్భిణిని కూడా నమోదు చేయలేరు. అయితే ఆమె ఆ గూడెం కోడలే, అందరికీ ఏదో వరస అవుతుంది. ఆమెకు చెప్పాలా వద్దా అన్నది ఆ తల్లి ఇష్టం. చాలామంది కొన్నాళ్లకు వాళ్లే చెప్పమంటారు, ఎందుకంటే మీరు లేని రోజున ఎవరో ఒకరు కావాలి కదా. ఆ మాట ఆమె నోటి నుంచి రావాలి.

కిందికి తీసుకెళ్లే మొదటి ప్రయాణానికి ప్రతి నెలా 9వ తేదీని వాడుకోండి. ఆ రోజు ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ కార్యక్రమం కింద పీహెచ్‌సీల్లో, పెద్ద ఆసుపత్రుల్లో గర్భిణులందరినీ వైద్యులు చూస్తారు. నలుగురైదుగురిని కలిపి తీసుకెళ్తే అందులో ఒకరు ఇంకో గదిలోకి కూడా వెళ్లివస్తే ఎవరూ పట్టించుకోరు. ముందురోజే ఐసీటీసీ కౌన్సెలర్‌కూ, హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికీ ఫోను చేసి ఉంచండి. నిర్ధారణ, మందు మొదలు ఒకే రోజు అయిపోవాలి. "రేపు రండి" అన్న మాట పట్నంలో ఉన్నవాళ్లకు ఒక ఆటో ఖర్చు. మీ గూడెం మనిషికి రెండు రోజుల కూలి, ఒక రాత్రి ఎక్కడ పడుకోవాలన్న బెంగ. ఈ ఒక్క విషయంలో మీరు కింది వాళ్లతో గట్టిగా మాట్లాడాల్సి వస్తుంది. మాట్లాడండి, మొహమాటపడకండి.

2020 లాక్‌డౌన్ రోజుల్లో నెల నెలా కాకుండా ఒకేసారి ఎక్కువ నెలల మందులు ఇచ్చారు. దూరపు వాళ్లకు అదెంత మేలో అప్పుడు అందరికీ తెలిసింది. మీరు చూస్తున్న తల్లి స్థిమితపడ్డాక, ముఖ్యంగా వానల ముందు, ఏఆర్‌టీ వైద్యాధికారిని అడిగి ఎక్కువ నెలల మందు తీసుకోండి. దగ్గర్లో లింక్ ఏఆర్‌టీ కేంద్రం (పెద్ద కేంద్రానికి అనుబంధంగా మందులిచ్చే చోటు) ఉంటే అక్కడికి మార్పించుకోవచ్చు.

మాత్ర గురించి చాలామంది సిబ్బందికి కూడా తెలియని సంగతి ఒకటుంది. గర్భిణులందరికీ మనం ఐరన్, కాల్షియం మాత్రలు ఇస్తాం. డోలుటెగ్రావిర్ ఉన్న మాత్రను పరగడుపున ఐరన్‌తోనో కాల్షియంతోనో కలిపి వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. అన్నం తింటూ వేసుకుంటే ఫర్వాలేదు. లేదంటే ఐరన్, కాల్షియం మాత్రలకు రెండు గంటల ముందో ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. గడియారం లేని ఇంట్లో ఈ లెక్క ఎలా చెబుతారు? నేను "రాత్రి పడుకునే ముందు ఇది, పొద్దున్న పనికి పోయేముందు గంజి తాగి ఐరన్" అని చెప్పేదాన్ని. అక్కడ పొద్దు వాలగానే తింటారు, చీకటి పడగానే పడుకుంటారు. ఏ గడియారంకన్నా నిక్కచ్చి.

కాన్పు విషయానికి వద్దాం. ఇంట్లో కాన్పయితే అంతా పోయినట్టేనని అనుకోకండి. నెలల తరబడి మందు వాడిన తల్లి ఇంట్లో కన్నా బిడ్డకు ముప్పు తక్కువే. అయినా ఆసుపత్రి కాన్పే కావాలి, ఎందుకంటే రక్తస్రావానికీ గుర్రపువాతానికీ మంత్రసాని దగ్గర మందు లేదు. నొప్పులు మొదలయ్యాక డోలీ కట్టి మోస్తే దారిలోనే కాన్పయ్యే అవకాశం ఎక్కువ. తొమ్మిదో నెల మొదట్లోనే ఆమెను గర్భిణుల వసతి గృహానికో, రోడ్డు పక్కన ఉన్న చుట్టాల ఇంటికో చేర్చండి. ఇల్లు విడిచి రాననే తల్లికి సాధారణంగా కారణం ఒకటే ఉంటుంది: పెద్ద పిల్లల్ని ఎవరు చూస్తారు? ఒకసారి మేము మూడేళ్ల పిల్లనూ రెండు కోళ్లనూ కూడా వెంట తెచ్చాం. పిల్ల తల్లి పక్కన పడుకుంది. కోళ్లను వంట మనిషి చూసుకుంది. ఆ తల్లి ఇరవై రెండు రోజులు ఉండి కాన్పయ్యాకే వెళ్లింది.

కాన్పు గదిలోని వాళ్లకు ఆమె సంగతి తెలియాలి, వార్డుకు తెలియకూడదు. ఒక ఆసుపత్రిలో కేసు షీటు మీద ఎర్ర సిరాతో పెద్ద అక్షరాలు రాసి మంచానికి తగిలించారు. పక్క మంచం మీద ఆమె గూడెం మనిషే ఉంది. అందుకే నేను మూసిన కవరులో చీటీ పెట్టి, డ్యూటీలో ఉన్న నర్సు చేతికే ఇచ్చి, ఆమె చదివాక మళ్లీ మడిచి షీటు లోపల పెట్టేవరకు నిలబడేదాన్ని.

బిడ్డకు సిరప్ పుట్టిన వెంటనే మొదలవ్వాలి. నెవిరపిన్ సిరప్ ఒక మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములు ఉంటుంది. రెండున్నర కిలోలు దాటిన బిడ్డకు రోజుకోసారి ఒకటిన్నర మిల్లీలీటరు, రెండు నుంచి రెండున్నర కిలోల బిడ్డకు ఒక మిల్లీలీటరు. రెండు కిలోలకు తక్కువైతే కిలోకు 2 మిల్లీగ్రాముల చొప్పున వైద్యుడే లెక్కకట్టి చెప్పాలి. ఏజెన్సీలో ఆ బరువు పిల్లలు తక్కువేమీ కాదు, కాబట్టి తూకం యంత్రం సరిచూసుకోండి. మామూలుగా ఆరు వారాలు. తల్లికి చివరి వారాల్లో తెలిసినా, వైరస్ లెక్క వెయ్యి దాటి ఉన్నా బిడ్డకు ముప్పు ఎక్కువ. అలాంటి బిడ్డ తల్లిపాలు తాగుతుంటే జిడోవుడిన్ కూడా చేర్చి 12 వారాలు ఇస్తారు. ఆ నిర్ణయం ఏఆర్‌టీ వైద్యాధికారిది. సిరంజి మీద అంకెలు చదవలేని తల్లికి నేను గోళ్ల రంగుతో గీత గీసి ఇచ్చేదాన్ని. బరువు పెరిగిందని ఎవరూ గీత మార్చకుండా, మార్చాల్సి వస్తే కొత్త సిరంజి ఇవ్వండి.

పాల గురించి ఒకే మాట: ఆరు నెలల వరకు తల్లిపాలే, మరేదీ వద్దు. డబ్బా పాలు కలపడానికి ఊట నీళ్లు వాడే చోట విరేచనాలతో బిడ్డ పోయే ప్రమాదం ఎక్కువ. సగం తల్లిపాలు, సగం వేరే పాలు పట్టడం అన్నిటికన్నా చెడ్డది. పుట్టగానే తేనె నాకించడం, ఆముదం పట్టడం, ముర్రుపాలు పిండి పారేయడం మీ గూడేల్లోనూ ఉండవచ్చు. ఈ మాట తల్లికి చెప్పి లాభం లేదు. ఆ ఇంట్లో నిర్ణయం అత్తదో పెద్దమ్మదో అయి ఉంటుంది. హెచ్‌ఐవీ ఊసెత్తకుండా, గర్భిణులందరి అత్తలనూ ఒకచోట కూర్చోబెట్టి చెప్పండి. అది ఊళ్లోని పిల్లలందరికీ మేలే.

బిడ్డకు వైరస్ సోకిందో లేదో చూడటానికి ఆరు వారాలకు బిడ్డ రక్తపు చుక్కలను కార్డు మీద తీయాలి. పెంటావాలెంట్ టీకా మొదటి డోసు కూడా అదే వయసుకు కాబట్టి ఐసీటీసీ ల్యాబ్ టెక్నీషియన్‌ను టీకాల బృందంతో కలిపి పైకి తీసుకెళ్లండి. కార్డు మీద ఐదు వలయాలుంటాయి. మడమను గోరువెచ్చని నీళ్లతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి, ఆరాక, మడమ మధ్యలో కాకుండా పక్కన గుచ్చాలి. మొదటి చుక్క తుడిచేయాలి. తర్వాతి చుక్క బాగా ఊరి దానంతట అదే వలయాన్ని నింపాలి. మడమను పిండకూడదు, నిండలేదని అదే వలయంలో ఇంకో చుక్క వేయకూడదు. ఆ కార్డు దేనికీ తగలకుండా కనీసం నాలుగు గంటలు నీడలో ఆరాలి. దీనికి ఐసు పెట్టె అక్కర్లేదు. ఆరిన కార్డును పలచటి కాగితంలో చుట్టి, తేమ పీల్చే పొట్లాలతో జిప్పు కవరులో వేస్తే చాలు, సంచిలో దిగివస్తుంది. మన దారులకు ఇంతకన్నా అనువైన పరీక్ష మరొకటి లేదు.

అయితే వానాకాలం ఆగస్టులో ఆరదు. ఒకసారి తొందరపడి ఒక ఇంట్లో పొయ్యి పైనున్న దండెం దగ్గర ఆరబెట్టాం. పొగకూ వేడికీ కార్డు చెడి, ల్యాబ్ నుంచి తిప్పి పంపారు. బిడ్డను మళ్లీ గుచ్చాల్సి వచ్చింది. ఆ తల్లికి కారణం చెప్పడానికి నాకు మాటలు రాలేదు. ఆ తర్వాత అంగన్‌వాడీ గదిలో తలుపు వేసి, రాత్రంతా ఆరబెట్టి, పొద్దున్న తీసుకుని దిగేవాళ్లం. అంటే ఆ రాత్రి మీరూ పైనే ఉండాలి. దుప్పటి పట్టుకెళ్లండి. ఆ రోజు నుంచే బిడ్డకు ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే కోట్రైమాక్సజోల్ మందు కూడా మొదలవుతుంది, మరవకండి.

తర్వాతి పరీక్షలు ఆరు నెలలకు, 12 నెలలకు, 18 నెలలకు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు బిడ్డ ఒంట్లో చాలాకాలం ఉంటాయి కాబట్టి 18 నెలల వరకు ఆగితేనే మామూలు పరీక్షతో తుది మాట చెప్పగలం. ఇందులో ఒక కిటుకు గమనించండి. ఆరు వారాలకు టీకా ఉంది. 18 నెలల దగ్గర బూస్టరు ఉంది. ఆరు నెలలకు టీకా లేకపోయినా అంగన్‌వాడీలో అన్నప్రాసన చేస్తారు. 12 నెలలకు ఏమీ లేదు. పిల్లలు మాకు ఎక్కువగా జారిపోయింది అక్కడే. బిడ్డ నడుస్తుంటాడు, ఆరోగ్యంగా ఉంటాడు, తల్లి మళ్లీ పోడుకు పోతుంటుంది, ఎందుకు రావాలి? ఆ నెలకు మీరే ఏదో ఒక పని కల్పించుకోండి. నేను ఏడాది నిండిన పిల్లలందరికీ బరువు, ఎత్తు చూసే రోజు పెట్టేదాన్ని.

ఆమె పుట్టింటికి వెళ్తుందేమో ముందే అడగండి. ముంచంగిపుట్టు, పెదబయలు వైపు అయితే పుట్టిల్లు ఒడిశాలో ఉండవచ్చు. అప్పుడు చికిత్స పుస్తకం, కనీసం రెండు నెలల మాత్రలు, బిడ్డ సిరప్ వెంట పంపండి. అవతలి ఆరోగ్య కార్యకర్త నంబరు తీసుకుని, తల్లి ఒప్పుకుంటే మీరే మాట్లాడండి. 1097 ఉచిత హెల్ప్‌లైన్ నంబరును ఆమెకు కంఠస్థం చేయించండి, కాగితం మీద రాసివ్వకండి.

భర్త పరీక్ష కూడా కావాలి. కానీ తొలి వారంలోనే అతని వెంట పడకండి. "నీ వల్లే" అన్న మాట ఆ ఇంట్లో ఎవరి మీద పడుతుందో మీకు తెలుసు. భార్యాభర్తలిద్దరికీ కలిపి పరీక్ష చేసే రోజు పెట్టుకుంటే గొడవ తగ్గింది. కొందరికి ఇదే దారిలో నడిచిన మరో తల్లి మాట మనందరి మాటకన్నా బాగా పనిచేసింది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో 2001లో మొదలైన మదర్స్ టు మదర్స్ ఈ పనే చేస్తుంది. హెచ్‌ఐవీతో జీవిస్తూ బిడ్డలను కాపాడుకున్న తల్లులనే ఉద్యోగంలోకి తీసుకుని, కొత్త తల్లులకు తోడుగా పెడతారు. మన దగ్గర హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు తోడ్పాటు ఇచ్చే విహాన్ కేంద్రాల్లో అలాంటి తల్లులున్నారు. మీరు చూస్తున్న తల్లి ఏఆర్‌టీ కేంద్రానికి వచ్చిన రోజున ఒకరిని పరిచయం చేయమని అడగండి. కొండ భాష తెలిసినవాళ్లయితే ఇంకా మంచిది.

మీరు ప్రశ్న మే నెలలో పెట్టారు. వానలకు ఇంకా మూడు నాలుగు వారాలుంది. ఈ రాత్రే మీ 38 పేర్లలో జులై నుంచి అక్టోబరు లోపు కాన్పు తేదీ ఉన్నవాళ్లను, గెడ్డ అవతల ఉన్నవాళ్లను వేరే కాగితం మీద రాయండి. బహుశా ఏడెనిమిది మంది ఉంటారు. మొదటి పరీక్షలు వాళ్లకే, గెడ్డ నిండకముందే. వెళ్లే ముందు కిట్ల గడువు తేదీ చూసుకోండి. ఎవరికైనా రెండో గీత కనిపిస్తే ఇక్కడే రాయండి. పేరు, గూడెం రాయకండి, ఎన్నో నెలో చెప్పండి చాలు. నేను రోజూ చూస్తాను.